ఎవరికి పలికావు?

తడిరవ్వ అంటిన చేతులతో వేరే ఏ పనీ కుదరదు. ముక్కు దురద పెట్టినా భుజానికి రుద్దుకోవాల్సిందే. ట్యూనిస్ శివారులో అత్తగారి డాబా మీద, మేడగది నీడలో చాప వేసుకుని, నర్జెస్ పెద్ద చెక్కపళ్ళెంలో గోధుమరవ్వ మీద ఉప్పునీళ్ళు చిలకరించి రెండు అరచేతులతో గుండ్రంగా తిప్పుతోంది. తిప్పగా తిప్పగా రవ్వ గింజ కడుతుంది. ఆ గింజల్ని జల్లించి, ఆవిరి పట్టి, దుప్పట్ల మీద ఆరబోస్తే ఏడాది పొడుగునా ఇంటికి కుస్కుస్. వేసవిలో ఇంటి ఆడవాళ్ళంతా కలిసి చేసే ఈ నిల్వలకి ఔలా అని పేరు. ఔలా పెట్టని ఇల్లు ఇల్లే కాదని అత్తగారు మొంజియా సిద్ధాంతం. బజార్లో పొట్లాలు దొరుకుతున్నాయి కదత్తయ్యా అన్న పాపానికి, పెళ్ళయిన కొత్తలో ఆవిడ వారం పాటు కోడలితో మాట్లాడలేదు.

జూలైలో ఆఫీసులన్నీ ఒంటిపూటే. నర్జెస్‌దీ, మొగుడు లస్సాద్‌దీ ఒకటే ఆఫీసు, ఒకటే కారు. ఇద్దరూ కలిసే ఇంటికొచ్చారు. వచ్చాక అతను కింద ఫ్యాను వేసుకుని నడుం వాల్చాడు, ఆమె చేతులు పైకి మడుచుకుని డాబా ఎక్కింది. ఒంటిపూట అన్నది మగాళ్ళకి. ఆడవాళ్ళకి ఆ వేళకే రెండో పూట మొదలవుతుంది.

చేతులు రవ్వలో ఉన్నాయి గానీ బుర్ర మాత్రం సాల్హా దగ్గరే ఉంది. సాల్హా ఒక క్లినిక్‌లో నర్సు. ఆ క్లినిక్‌కి బెల్లు ప్యానెళ్ళు అమ్మింది వీళ్ళ కంపెనీయే. రోగి మంచం పక్కనున్న బటన్ నొక్కితే, నర్సు బల్ల మీది ప్యానెల్లో ఆ మంచం దీపం వెలిగి బజర్ మోగుతుంది. పోయిన వారం ఒక ముసలావిడ బటన్ నొక్కి, ఎంతసేపటికీ ఎవరూ రాకపోతే తనే లేచి, బాత్రూం దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను నొక్కాను అని ఆవిడ. దీపం వెలగనేలేదు అని సాల్హా. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారని క్లినిక్ వాళ్ళు తేల్చారు. ప్యానెల్ ప్రోగ్రాం రాసిన లస్సాద్‌ని అడిగితే, "యంత్రంలో ఏ లోపమూ లేదు. కబుర్లకి అడ్డమొస్తోందని ప్యానెల్ కట్టేసి ఉంటారు" అని రాసిచ్చాడు. రేపు పొద్దున విచారణ. సాల్హా ఉద్యోగం ఊడటం ఖాయం, ఊడాక ఇంకో క్లినిక్ ఆమెని గుమ్మం ఎక్కనివ్వదు. ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి ఒకావిడ. ఇక్కడ మద్దెలే ఓడేమో, ఆడినదాన్ని తంతున్నామేమో అని నర్జెస్‌కి అనుమానం. ప్యానెల్ పరీక్షించడానికి వెళ్ళినప్పుడు ఆమె సాల్హాని చూసింది. నిలబడే భోంచేసే మనిషి. ఆమెకి కబుర్లకి తీరికెక్కడిది?

అనుమానం ఉంటే సరిపోతుందా, చూపించాలి. నర్జెస్ ఆ కోడ్ వారం నుంచీ చదువుతోంది. చదువుతోంది అంటే ఏముందిలే, పది లైన్లు చదివేసరికి ఎవరో ఒకరు పిలుస్తారు. ఆఫీసులో పెద్దాయన తౌఫీక్ గారు మీటింగ్ మధ్యలో, "నర్జెస్, నువ్వయితే చక్కగా రాస్తావమ్మా, ఇవన్నీ రాసిపెట్టు" అంటారు. ఇంట్లో అత్తగారు, ఆడపడుచు, మొగుడు, గ్యాసువాడు, అందరికీ ఆమే పలకాలి. పెళ్ళికి ముందు ఆమె కెర్నల్ రాసేది. యంత్రంలో అన్ని ప్రోగ్రాములకీ అడుగున ఉండే మూల ప్రోగ్రాం అది. పెళ్ళయ్యాక లస్సాదే అన్నాడు, "టెస్టింగ్ చూసుకో నర్జెస్, పెందలాడే ఇంటికి పోవచ్చు" అని. మళ్ళీ కెర్నల్ వైపు వస్తానన్నప్పుడల్లా ప్రేమగా తల నిమిరి, "నీ బుర్ర బంగారమే, కానీ నీకు నిలకడ లేదు" అంటాడు. నిలబడనిచ్చింది ఎవరని? మేడగదిలో తలుపేసుకుని కూర్చునేది అతను. ఆ తలుపు అవతల నిలబడి, ఆయన పనిలో ఉన్నాడు తర్వాత రండి అని వచ్చినవాళ్ళకి చెప్పేది ఈవిడ. నాలుగు కోర్లు, అంటే పని పంచుకునే నాలుగు బుర్రలు, ఉన్న చిప్పులో కూడా, ఎవరూ పూనుకుని మార్చకపోతే, చాలాసార్లు పిలుపులన్నీ మొదటి కోర్ నెత్తినే పడతాయి. మిగతా మూడూ చల్లగా ఉంటాయి. అది ఎవరూ కావాలని చేసింది కాదు, ముందునుంచీ ఉన్న అమరిక, అంతే.

"నర్జెస్! నీళ్ళు!" కింద వంటింట్లోంచి అత్తగారి కేక.

నర్జెస్ లేచింది. డాబా మీది కుళాయి తిప్పి బిందె నింపుకుని, మెట్లు దిగి, వంటింటి గుమ్మంలోకి వచ్చాక గట్టిగా, "హాని జాయా!" అంది. ఇదిగో వచ్చేస్తున్నా అని. ఈ ఊళ్ళో ఆడపిల్లకి నడకకంటే ముందు వచ్చే మాట అది. నీళ్ళు పోసి, ఆవిరి తపేలా చుట్టూ గుడ్డ బిగించి, చెమట తుడుచుకుంటూ మళ్ళీ పైకొచ్చింది.

పైన ఎండలో, పరిచిన దుప్పట్ల మధ్య, అప్పటిదాకా డాబా అవతలి కొసన గింజలు ఆరబోస్తున్న లస్సాద్ అక్క రాద్యా నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఏదీ జల్లెడ?"

"ఏ జల్లెడ వదినా?"

"ఏ జల్లెడేమిటి! కింద సన్న జల్లెడుంది పట్రా అని అరిచానా లేదా? నువ్వు హాని జాయా అన్నావా లేదా? చెవులారా విన్నాను. సరే వస్తోంది కదా అని మళ్ళీ పిలవకుండా ఈ ఎండలో మాడుతూ నించున్నా!"

"కుళాయి చప్పుడులో వినపడలేదు వదినా. నేను పలికింది అత్తయ్యకి."

"నాకెలా తెలుస్తుంది? నీ హాని జాయా మీద పేరు రాసుందా? పిలవగానే పలకవు. పనంతా అయ్యాక ఊరంతా వినపడేలా ఒక్కసారి పలుకుతావు. మధ్యలో పిలిచినవాళ్ళు ఏమైపోవాలి? ఎవరికి పలికావమ్మా తల్లీ, ఎవరికి?"

నర్జెస్ నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది.

"ఏమిటలా చూస్తావు? ఒక్క మాట అంటే చాలు..."

"వదినా, ఇంకోసారి అనండి."

"ఏమని?"

"ఎవరికి పలికావని."

రాద్యా బిత్తరపోయింది. ఎండ దెబ్బ తగిలిందేమోనని మరదలి నుదుటి మీద చెయ్యి వేయబోయింది. నర్జెస్ అప్పటికే మేడగది గడియ తీసింది. అరచేతుల నిండా రవ్వ. లస్సాద్ బల్ల మీద పరీక్షల కోసం తెచ్చిన ప్యానెల్ ఉంది, దానికి తీగలతో వేలాడుతూ మంచం బటన్లున్నాయి. ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. వారం రోజులు లైను లైనుగా తడిమి చూసిన కోడ్‌లోకి ఇప్పుడు తిన్నగా ఆ చోటికే వెళ్ళింది, చీకట్లో సొంత ఇంటి స్విచ్చు మీద చెయ్యి పడినట్టు.

దొరికింది! దొరికింది దొంగ!

బటన్ నొక్కితే ప్యానెల్లో ఆ మంచం పేరున ఒక జెండా లేస్తుంది. జెండా లేవడమంటే కెర్నల్‌ని భుజం తట్టి పిలవడం. కెర్నల్ చేస్తున్న పని ఆపి, ఎవరి జెండా లేచిందో చూసి, ఆ దీపం వెలిగించి, బజర్ మోగించి, ఫలానా మంచం పిలిచిందని నిల్వలో రాసుకుంటుంది. ఆ రాత కాస్త నిదానం. అంతా అయ్యాక, చిట్టచివర, విన్నానని జవాబు కొడుతుంది. ఆ జవాబుతో జెండాలన్నీ కిందికి దిగుతాయి. అన్నీ! తను చూసిన జెండా ఒక్కటే కాదు, తను రాసుకునే లోపల కొత్తగా లేచినవి కూడా. మూడో మంచానికి నీళ్ళు మోసి, ఊరంతటికీ హాని జాయా అనేస్తోంది! అయిదో మంచం పిలుపు ఆ ఒక్క కేకలో కొట్టుకుపోతోంది. సందర్శకులు వెళ్ళిపోయే వేళ మంచాలన్నీ ఒకేసారి పిలుస్తాయి, ముసలావిడ పడింది కూడా ఆ వేళప్పుడే. ఆవిడ నొక్కింది. సాల్హా ప్యానెల్ కట్టెయ్యలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు!

"వదినా! అత్తయ్యా! ఇద్దరూ ఇలా రండి, తొందరగా!" నర్జెస్ అరిచింది. ఆ ఇంట్లో ఆమె ఇంకొకర్ని అలా కేకేసి పిలవడం అదే మొదటిసారి.

అత్తగారు గరిటె పట్టుకుని రొప్పుతూ మెట్లెక్కింది. "ఏమైందే? పామా?"

"పాము కాదత్తయ్యా. ఈ బటన్ పట్టుకోండి. వదినా, మీరిది. వదిన నొక్కిన మరుక్షణం మీరు నొక్కాలి. వెంటనే!"

"ఆవిరి పోతోందే, ఇప్పుడు ఆటలేమిటే!" అంటూనే ఆవిడ గరిటె పక్కన పెట్టి బటన్ అందుకుంది. రాద్యా నొక్కింది. మూడో దీపం వెలిగింది. దాని వెంటే అత్తగారు నొక్కింది. అయిదో దీపం వెలిగింది. మళ్ళీ నొక్కించింది. రెండూ వెలిగాయి. నర్జెస్ పెదవి కొరుక్కుంది. "ఇంకా వెంటనే అత్తయ్యా, వదిన వేలు లేవకముందే." మళ్ళీ నొక్కారు.

మూడు వెలిగింది. అయిదు వెలగలేదు.

"నువ్వు నొక్కలేదమ్మా" అంది రాద్యా.

"నొక్కాను!"

"నొక్కితే వెలగదా?"

"నొక్కానంటే వినవేం! నా వేళ్ళేమన్నా పడిపోయాయా? ముసలిదాని మాటంటే ఎవరికీ లెక్కలేదు!" అత్తగారి గొంతులో నిజంగానే ఏడుపు జీర పలికింది.

నర్జెస్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరు నొక్కారత్తయ్యా. నాకు తెలుసు. నేను చూశాను." ఎందుకో ఆమెకీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వూ వచ్చింది.

ఇక చేతులు ఆగలేదు. కీబోర్డు నిండా రవ్వ రాలుతోంది, రాలనీ. జవాబు చెప్పే ఆ ఒక్క లైనునీ చివర్నించి పీకి మొదటికి తెచ్చింది. ముందు ఏ జెండాలు లేచాయో చూడు. చూసిన వాటికే, పేరుపేరునా, విన్నానని చెప్పి దించు. ఆ తర్వాత దీపం, బజర్, రాత, నీ తీరిక. ఈలోగా ఎవరు పిలిచినా వాళ్ళ జెండా వాళ్ళకి లేచే ఉంటుంది, నీ పని అవగానే మళ్ళీ నీ భుజం తడుతుంది. జవాబు వేరు, పని వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే వచ్చింది తంటా అంతా. ఎన్నాళ్ళయింది ఇలా చెయ్యి దానంతటది పరిగెత్తి! ఇన్నేళ్ళూ మసాలా డబ్బాల వెనక దాక్కున్న బుర్ర ఒక్కసారిగా బయటికి దూకింది. నాకు నిలకడ లేదట, నిలకడ! కొత్త ప్రోగ్రాం ప్యానెల్లోకి ఎక్కింది.

"నొక్కండి!"

మూడు. అయిదు.

"మళ్ళీ!"

మూడు. అయిదు. ఎంత దగ్గర దగ్గరగా నొక్కినా రెండూ వెలిగాయి. ముగ్గురూ పిల్లల్లా ఎగబడి ఎడాపెడా నొక్కారు. ప్యానెల్ దీపాలన్నీ పెళ్ళిపందిరిలా వెలిగాయి. బజర్ చెవులు చిల్లులు పడేలా మోగింది. ఏం జరిగిందో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, దీపాలు చూసిన సంబరంలో అత్తగారు తల వెనక్కి వాల్చి, నాలుక ఆడిస్తూ, అక్కడి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు పెట్టే సంబరపు కూత పెట్టింది. రాద్యా అందుకుంది. పక్క డాబా మీద మిరపకాయలు ఆరబెడుతున్న వాళ్ళు కూడా, ఎవరికేమిటో తెలియకుండానే, మర్యాదకి ఒక కూత పెట్టారు.

ఆ గోలకి లస్సాద్ బనీను సర్దుకుంటూ పైకొచ్చాడు. "ఎవరి పెళ్ళే?"

నర్జెస్ చూపించింది. చెప్పింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అతను తెలివైనవాడు, సగంలోనే అర్థమైంది. ముందు మొహం వెలిగింది, అది నిజం. "అబ్బ! చివర్లో... అయ్యో, చివర్లో పెట్టానా!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం వాళ్ళిద్దరూ కాలేజీలో పక్కపక్కన కూర్చున్నప్పటిలా ఉన్నారు. ఆ తర్వాత అతని మొహం మెల్లగా మారింది. వెళ్ళి గది తలుపు వేశాడు.

"సరే. సోమవారం కొత్త వర్షన్‌లో కలిపేద్దాం. చిన్న సవరణలు అని రాస్తే సరిపోతుంది."

"రేపు సాల్హా విచారణ."

"అది క్లినిక్ వాళ్ళ గొడవ."

"నువ్వు రాసిచ్చిన మాట మీదే కదా ఆ గొడవ."

"అందుకే చెప్తున్నా!" అతని గొంతు లేచింది, మళ్ళీ తగ్గింది. దగ్గరికొచ్చి ఆమె జుట్టులోని రవ్వ దులిపాడు. "చూడు నర్జెస్, నువ్వు అసలు టెస్టింగ్‌లో ఉండాల్సిన మనిషివి కాదు. నేనే తౌఫీక్ గారితో మాట్లాడతా. సోమవారం నుంచీ కెర్నల్ పనిలోకి రా. ఈ సవరణ కూడా నీ పేరు మీదే వేస్తా. కొన్నాళ్ళు దీన్ని కదపకు, అంతే. మొగుడి పరువు పోతే పెళ్ళానికి మిగిలేదేముంది?"

ఎన్నేళ్ళుగానో ఆమె కోరుకున్న మాట అది. నోట్లో పెట్టిన మిఠాయిలా ఉంది.

అత్తగారు గరిటె చేతిలోకి తీసుకుంది. "వాడు చెప్పింది విను. ఇంటి గుట్టు గడప దాటకూడదు. తప్పులు చేయని మగాడుంటాడా? ఆ పిల్లకి ఇంకో ఉద్యోగం దొరక్కపోదు."

"ఇందాక మీరు నొక్కలేదని వదిన అంటే మీకేమనిపించింది అత్తయ్యా?"

ఆవిడ గరిటె వైపు చూస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే రాద్యా కూడా. వెళ్తూ వెళ్తూ తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో తిట్టుందో జాలుందో నర్జెస్‌కి తెలియలేదు.

నర్జెస్ బల్ల దగ్గర నిలబడి ఉంది. సాల్హా రేపు ఎక్కడ నిలబడుతుందో ఆమెకి తెలుసు. ఒక పొడుగాటి బల్ల, అవతల నలుగురు పెద్దమనుషులు, ఇవతల ఆమె ఒక్కతీ. మీరు వినిపించుకోలేదని వాళ్ళంటారు. నాకు వినిపించలేదని ఆమె అంటుంది. ఆ తేడా ఎవరిక్కావాలి? ఆడమనిషి పిలిస్తే పలకలేదంటే అందరూ నమ్మేస్తారు. పిలుపు ఆమెదాకా చేరిందా లేదా అని ఒక్కరూ అడగరు. సోమవారం తను కెర్నల్ రాయడానికి కూర్చుంటుంది, నిజమే. ఆ కుర్చీ సాల్హా ఉద్యోగం మీద వేసి ఉంటుంది. దాని మీద కూర్చుని ఏం రాస్తుంది? చెయ్యి కదులుతుందా? ఇందాక పరిగెత్తిన ఈ చెయ్యి? ఆ పరుగు ఎవరి దానమూ కాదు కదా. అడ్డం తొలగగానే అదే వచ్చింది. అతను ఇస్తానన్నది తన దగ్గర ముందే ఉంది. ఆ సంగతి తెలిసేసరికి నర్జెస్‌కి గాల్లో తేలినట్టయింది. భయం కూడా వేసింది, కానీ భయంకంటే సంతోషమే ఎక్కువగా ఉంది.

చేతులు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అతని కుర్చీలోనే.

క్లినిక్‌కి మెయిల్ రాసింది. ప్యానెల్లో లోపం ఉంది. దగ్గర దగ్గరగా వచ్చిన పిలుపుల్లో రెండోది పోతోంది. మీ నర్సు ప్యానెల్ కట్టేసిందనడానికి ఏ ఆధారమూ లేదు. మేమిచ్చిన రిపోర్టు తప్పు. దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఎలా పోతోందో, ఎలా సరిచేశామో కింద రాసింది. కంపెనీలో అందరికీ కనబడేలా పంపింది. లస్సాద్ "నర్జెస్!" అన్నాడు. అప్పటికే అది వెళ్ళిపోయింది.

అతను గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. పాపం అనిపించింది ఆమెకి. కానీ చేతిలో ఫోను మోగుతోంది.

"ఏమిటమ్మా ఇది!" తౌఫీక్ గారు కస్సుమన్నారు. "ముందు మనలో మనం మాట్లాడుకోవద్దూ?"

"విచారణ రేపు పొద్దున్నే కదండీ. మనం మాట్లాడుకునేలోపు ఆ మనిషి ఉద్యోగం పోయేది."

"లోపం ఖాయమేనా?"

"ఎన్నిసార్లు చూపించమంటే అన్నిసార్లు చూపిస్తా."

"సరే. రేపు లస్సాద్‌ని క్లినిక్‌కి పంపిస్తా. అతనయితే వాళ్ళకి వివరంగా..."

"రాసింది ఆయనండీ. కనిపెట్టింది నేను. నేనే వెళ్తాను. వాళ్ళేం అడుగుతారో ఆలోచించుకోవాలి, దానికి ఈ సాయంత్రం నాకు కావాలి."

"ప్యానెల్ కూడా పట్టుకెళ్ళు. మనుషుల మాట వాళ్ళు నమ్మరు" అని ఫోను పెట్టేశారు.

నర్జెస్ ఫోను బల్ల మీద పెట్టి, మొదటి ప్రశ్న ఏమడుగుతారా అని ఆలోచించడం మొదలుపెట్టింది. రెండోది. మూడోది. ఆలోచన ఒకదాని వెంట ఒకటి, తెగకుండా, తాడు పేనినట్టు వస్తోంది.

"నర్జెస్!" కింద వంటింట్లోంచి అత్తగారి కేక. "తపేలా దించాలే! నాకు చేతకావడం లేదు!"

లస్సాద్ తలెత్తి ఆమె వైపు చూశాడు, ఇక లేస్తుంది కదా అని.

"విన్నానత్తయ్యా!" అని నర్జెస్ గట్టిగా పలికింది. కుర్చీలోంచి కదల్లేదు. మొగుడి వైపు తిరిగి, మామూలుగా, ఏ కోపమూ లేకుండా చెప్పింది.

"లస్సాద్, ఈ పిలుపు నీకు."